పాత కారు - ఇంటి పనిముట్లు

పాఠం ఉద్దేశం: ఇంట్లో దొరికే సామాన్య వస్తువులతో పాత కారు సంరక్షణకు కావలసిన పనిముట్లను ఎలా చేసుకోవచ్చో, ఏ పనిముట్టును ఇంట్లో చేసుకోకూడదో విద్యార్థులకు తెలియజేయడం.

మా ఇంటి వసారాలో మా నాన్నగారు వాడిన అంబాసిడర్ కారు ఉంది. బ్రిటన్‌లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును ఆధారంగా చేసుకొని, హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమబెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో దీనిని 1950ల చివరి నుంచి తయారుచేసింది. మంత్రులను, డాక్టర్లను, పెళ్ళివారిని మోసిన ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. విడిభాగాలు వెదికితే ఇప్పటికీ దొరుకుతాయి. దొరకనిది దాని నాడి తెలిసిన మిస్త్రీ. నేటి షెడ్లలో కారుకు కంప్యూటరు తగిలించి లోపం కనిపెడతారు. మా కారుకు కంప్యూటరు తగిలించే చోటే లేదు. దాని జబ్బును కంటితో చూసి, చెవితో విని, చేతితో తాకి తెలుసుకోవాలి. ఇంద్రియాలకు అందనిచోట ఒక చిన్న పనిముట్టు కావాలి. అటువంటివాటిలో చాలావాటిని ఇంట్లోనే చేసుకోవచ్చు.

వీటిలో నాకు అత్యంత ప్రియమైనది పరీక్షదీపం. కారు పార్కింగ్ లైటుకు వాడే 12 వోల్టుల చిన్న బల్బు ఒకటి, దానికి తగిన హోల్డరు, రెండు మూరల తీగలు రెండు, వాటి కొసలకు మొసలినోటి క్లిప్పులు రెండు. ఇంతే సరంజామా. ఇది చేసే పని మాత్రం చిన్నది కాదు.

పెట్రోలు ఇంజనులో పిస్టను పైకొసకు చేరడానికి కొంచెం ముందుగా నిప్పురవ్వ పుట్టాలి. మరీ ముందు పుడితే ఇంజను కొట్టుకుంటుంది. ఆలస్యమైతే శక్తి తగ్గి వేడెక్కుతుంది. డిస్ట్రిబ్యూటరులోని రెండు పాయింట్లు విడిపోయిన క్షణానే కాయిల్‌లో రవ్వకు కావలసిన విద్యుత్తు పుడుతుంది. ఆ పాయింట్లు పూర్తిగా విడిపోయినప్పుడు కూడా వాటి మధ్య ఎడం అంగుళంలో వెయ్యోవంతులు పదిహేను, అంటే సుమారు 0.38 మిల్లీమీటర్లు మాత్రమే. ఇక అవి విడిపోవడం మొదలయ్యే క్షణాన్ని కన్ను ఎలా పట్టుకోగలదు? ఆ పని దీపం చేస్తుంది.

ముందుగా ఇంజను స్విచ్చి ఆపి, స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పాలి. మొదటి సిలిండరు ప్లగ్గు రంధ్రంలో కాగితపు ఉండను వదులుగా బిగించి, హ్యాండిల్‌తో ఇంజనును మెల్లగా తిప్పాలి. రంధ్రం కంటె ఉండ పెద్దదిగా ఉండాలి. లేకపోతే లోపల పడి కొత్త తలనొప్పి తెస్తుంది. లోపలి గాలి నొక్కుకొని ఉండ టప్పున ఎగిరిందంటే పిస్టను సరైన దశలో పైకి వస్తున్నదన్నమాట. అప్పుడు కాయిల్ నడిమి నుంచి డిస్ట్రిబ్యూటరు మూతకు వెళ్ళే లావుపాటి తీగను మూత నుంచి ఊడదీసి, ఆ కొసను ఇంజను లోహానికి గట్టిగా ఆనించి కట్టాలి. లేకుంటే విప్పిన ప్లగ్గు రంధ్రాల నుంచి వచ్చే పెట్రోలు ఆవిరికి రవ్వ తగలవచ్చు.

ఇప్పుడు దీపం క్లిప్పులలో ఒకదానిని కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటరుకు వచ్చే సన్నని తీగ కొసకు, రెండవదానిని కారు లోహానికి తగిలించి స్విచ్చి వేయాలి. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు విద్యుత్తు వాటి గుండానే పోతుంది, దీపం వెలగదు. అవి విడిపోగానే విద్యుత్తుకు దీపం తప్ప వేరు దారి ఉండదు, వెంటనే వెలుగుతుంది. ఇంజను నడిచే దిశలోనే హ్యాండిల్ తిప్పుతూ, దీపం వెలిగిన క్షణాన పుల్లీ మీది గాటు ఏ గుర్తు దగ్గర ఉన్నదో చూడాలి. తయారీదారులు చెప్పిన గుర్తు దగ్గర వెలిగితే సరి. లేకుంటే డిస్ట్రిబ్యూటరు బిగింపును కొద్దిగా వదులుచేసి, దానిని వెంట్రుకవాసి జరిపి మళ్ళీ చూడాలి. పని కాగానే స్విచ్చి ఆపడం మరవకూడదు. పాయింట్లు కలిసి ఉండగా ఎక్కువసేపు వదిలేస్తే కాయిల్ వేడెక్కుతుంది.

నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు దీపం ఎంతకూ వెలగలేదు. పాయింట్లు మార్చాను, కాయిల్‌ను అనుమానించాను, ఒక మధ్యాహ్నమంతా గడిచిపోయింది. చివరకు మా వీధి మిస్త్రీ వచ్చి చూసి, "బాబూ, క్లిప్పు రంగు మీద పెట్టావు. రంగు గుండా కరెంటు పోతుందా?" అన్నాడు. క్లిప్పును తీసి ఒక బోల్టుకు తగిలించాడు. దీపం వెలిగింది.

రెండవ పనిముట్టు బ్రేకులకు సంబంధించినది. బ్రేకు గొట్టాలలోని ద్రవం నొక్కుకుపోదు గనుకనే కాలి బలం చక్రం దాకా చేరుతుంది. అందులో గాలి చేరితే గాలే నొక్కుకుపోతుంది, పెడల్ మెత్తబడుతుంది. పాత కార్లలో చాలావాటికి నాలుగు చక్రాలకూ కలిపి ఒకే ద్రవమార్గం ఉంటుంది కాబట్టి దీనిని తేలికగా తీసుకోరాదు. గాలి తీయడానికి సాధారణంగా ఇద్దరు కావాలి: ఒకరు పెడల్ తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర నిపుల్ విప్పి బిగించాలి. ఒంటరిగా చేసేవారికి ఖాళీ పచ్చడి సీసా తోడు. దాని మూతకు రెండు బెజ్జాలు వేసి, ఒకదానిలో పారదర్శకమైన సన్నని గొట్టాన్ని అడుగుదాకా దించాలి. రెండవ బెజ్జం గాలి పోవడానికి. సీసాలో గొట్టం కొస మునిగేటంత కొత్త బ్రేకు ద్రవం పోసి, రెండవ కొసను నిపుల్‌కు బిగించాలి. పెడల్ వదిలినప్పుడు వెనక్కి వెళ్ళేది గాలి కాక ద్రవమే అవుతుంది. మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి, గొట్టంలో బుడగలు ఆగేదాకా నెమ్మదిగా తొక్కాలి. పైనున్న డబ్బా ఖాళీ కాకుండా మధ్యమధ్య నింపుతుండాలి.

సీసాలో చేరిన ద్రవాన్ని తిరిగి వాడరాదు. అది గాలిలోని తేమను పీల్చుకొంటుంది. డాట్ 3 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ చేరిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీలకు దిగుతుంది. అది విషం కూడా. ఆ సీసా మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి పిల్లలకు అందనిచోట ఉంచాలి. అది మళ్ళీ వంటింటి ముఖం చూడకూడదు.

మిగిలినవి చిన్నవి. ఒక బారెడు రబ్బరు గొట్టాన్ని చెవి దగ్గర పెట్టుకొని రెండవ కొసను ఇంజను చుట్టూ తిప్పితే గాలి ఎక్కడ లీకవుతున్నదో వినిపిస్తుంది. ఫ్యానుకు, బెల్టుకు మాత్రం దూరంగా ఉండాలి. చెప్పుల అట్టపెట్టెకు ఎనిమిది బెజ్జాలు వేసి అంకెలు రాస్తే, ఇంజను విప్పినప్పుడు పుష్‌రాడ్లు ఎనిమిదీ వరుస తప్పకుండా నిలుస్తాయి. ప్రతి రాడ్డూ తన చోట తాను అరిగి ఉంటుంది గనుక, మరొకదాని చోటికి మారకూడదు. క్లచ్ ప్లేటును నడిమికి నిలపడానికి గుండ్రని కర్రకు రెండు చోట్ల తగినంత లావున టేపు చుట్టినా చాలు. కొలత పనిముట్లను మాత్రం కొనడమే మేలు. పాయింట్ల ఎడం చూసే ఫీలర్ గేజ్‌ను బ్లేడు ముక్కతో సరిపెట్టుకొనేవారిని చూశాను. వారి కార్లు పొద్దున్నే సులభంగా స్టార్టు కావడం చూడలేదు.

బరువు మోసేవాటి సంగతి వేరు. ఈ పనితనం తలకెక్కిన రోజుల్లో, జాకీతో కారు లేపి, దాని కింద సిమెంటు ఇటుకలు పేర్చి, అదే స్టాండు అనుకున్నాను. విప్పిన చక్రాన్ని ఎందుకో కారు అంచు కిందికి తోసి ఉంచాను. నేను కింద పడుకొని గ్రీజు పెడుతుండగా పై ఇటుక పిట్లిపోయింది. జాకీ పక్కకు ఒరిగింది. కారు దిగి ఆ చక్రం మీద ఆగింది. నా ఛాతీకి, కారు అడుగుకు మధ్య జానెడు కూడా లేదు. బోలు ఇటుక గోడలో పరచుకొన్న బరువును మోస్తుంది కాని, ఒక్కచోట పడిన బరువుకు ముందుగా వంగి హెచ్చరించదు, ఒక్కసారిగా పగులుతుంది. మా కారు బరువు టన్నుకు పైమాటే.

మరునాడే రెండు ఉక్కు స్టాండ్లు కొని తెచ్చాను. ఇప్పటికీ కారు కిందికి దూరే ముందు విప్పిన చక్రాన్ని అంచు కిందికి తోస్తాను.

ప్రశ్నలు

1. పరీక్షదీపం ఎప్పుడు వెలుగుతుంది? ఎందుకు?
2. బ్రేకు గొట్టాలలో గాలి చేరితే కలిగే ప్రమాదాన్ని వివరించండి.
3. ఇంట్లో చేసుకోదగిన పనిముట్లకు, చేసుకోకూడని వాటికి మధ్య రచయిత గీసిన హద్దును మీ మాటలలో రాయండి.