మెయిల్ నిండిపోయిందా? పిల్లల దరఖాస్తుకు ముందే సర్దుకుందాం



ముందుగా ఒక్క పని చేయండి. ఫోన్‌లో జీమెయిల్ తెరిచి, పై మూలన గుండ్రంగా కనిపించే మీ ఫొటో మీద నొక్కండి. ఉచితంగా ఇచ్చిన 15 జీబీలో ఎంత వాడేశారో అక్కడ ఉంటుంది. నిండడానికి దగ్గరపడితే ఈ వారమే సర్దడం మొదలుపెట్టండి.

ఎందుకంత తొందర అంటారా? స్టోరేజ్ పూర్తిగా నిండాక జీమెయిల్ కొత్త మెయిల్ తీసుకోదు, పంపినవాళ్లకే తిప్పి పంపేస్తుంది. పంపింది మనిషైతే ఫోన్ చేసి మీకు చెబుతారు. పరీక్షల సంస్థ కంప్యూటర్ పంపితే చెప్పేవాళ్లెవరూ ఉండరు. జేఈఈ మెయిన్, నీట్ నిర్వహించే ఎన్‌టీఏ, దరఖాస్తులో ఇచ్చిన మెయిల్‌కి, మొబైల్‌కే సమాచారం పంపుతుంది. ఆ రెండూ విద్యార్థివో తల్లిదండ్రులవో అయి ఉండాలని కూడా చెబుతుంది. కాబట్టి నెట్ సెంటర్‌లో కూర్చున్న అబ్బాయి మెయిల్ ఇచ్చేసి వస్తే సరిపోదు. పేరెంట్స్ మీటింగ్‌లో చాలామంది నాన్నగార్లు నవ్వుతూ, "మేడమ్, అందులో పన్నెండు వేలు చదవనివి ఉన్నాయి" అంటుంటారు. నిజానికి ఆ పన్నెండు వేలతో పెద్ద ప్రమాదం లేదు. ఉత్త అక్షరాలున్న మెయిల్ చాలా చిన్నది. వాటిని ఒక్కొక్కటిగా గంటసేపు చెరిపినా ఆ శాతం అంగుళం కదలదు.

చోటు తినేది వేరే. 15 జీబీ జీమెయిల్ ఒక్కదానిదే కాదు, గూగుల్ డ్రైవ్, గూగుల్ ఫొటోస్‌కి కలిపి ఇచ్చింది. 2021 జూన్ నుంచి బ్యాకప్ అయ్యే ఫొటోలన్నీ ఆ లెక్కలోకే వస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్‌ని కూడా ఇప్పుడు అందులోనే కలిపేశారు. అంటే కుటుంబ గ్రూపులో వచ్చే గుడ్ మార్నింగ్ వీడియోలు మీ అబ్బాయి ఓటీపీ దారికి అడ్డంగా కూర్చున్నాయన్నమాట! వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్, ఆ తర్వాత చాట్ బ్యాకప్‌లోకి వెళ్లండి. వీడియోలు కలపాలా అన్న బటన్ ఆపేసి, మళ్లీ ఒకసారి బ్యాకప్ ఇవ్వండి. చాలా ఇళ్లలో సగం సమస్య ఇక్కడే తీరుతుంది.

ఫొటోల దగ్గర మాత్రం జాగ్రత్త. బ్యాకప్ అయిన ఫొటోని గూగుల్ ఫొటోస్‌లో తొలగిస్తే ఫోన్‌లోనూ పోతుంది. "క్లౌడ్‌లో తీసేశాను, ఫోన్‌లో ఉంటుందిలే" అనుకోకండి. ముందు పెన్‌డ్రైవ్‌లోకో ఇంట్లో కంప్యూటర్‌లోకో కాపీ చేసుకుని, తర్వాతే చేయి వేయండి.

ఇక మెయిళ్ల సంగతి. ఇది కంప్యూటర్ మీదే సులువు. సెర్చ్ పెట్టె కుడి చివర గీతల్లాంటి చిన్న గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే సైజు, తేదీ, పంపినవారు అని గడులు తెరుచుకుంటాయి. సైజు దగ్గర 10 ఎంబీ కంటే ఎక్కువ అని పెట్టి వెతకండి. ఎప్పటివో పెళ్లి ఫొటోలు, ఇంటి ప్లాను, ఆఫీసు ప్రెజెంటేషన్లు బయటపడతాయి. అవసరమైనవి దించుకుని మిగిలినవి తొలగించండి. ఎనిమిదో తరగతికి ఫార్మల్ ఈమెయిల్ పాఠం చెప్పేటప్పుడు సబ్జెక్ట్ గడి ఖాళీగా వదలొద్దని పిల్లలతో పోరుతుంటాను. ఆ గడి విలువ ఏమిటో ఇలా వెతకడానికి కూర్చున్నప్పుడు పెద్దవాళ్లకు బాగా తెలుస్తుంది.

షాపింగ్, ఆఫర్ల మెయిళ్లది చోటు సమస్య కాదు, చూపు సమస్య. బియ్యంలో రాళ్లలా ముఖ్యమైనవాటిని కనపడనివ్వవు. తెలిసిన కంపెనీ మెయిల్ అయితే పంపినవారి పేరు దగ్గర అన్‌సబ్‌స్క్రైబ్ అని ఉంటుంది, నొక్కండి. తెలియనివాళ్ల మెయిల్‌లో ఏ లింకూ నొక్కకండి, స్పామ్ అని గుర్తు పెట్టి వదిలేయండి. తర్వాత ఒక్కో కంపెనీ పేరుతో వెతికి, పైన ఉన్న గడిలో టిక్ పెడితే ఆ పేజీలోవి ఎంపికవుతాయి. వెతుకులాటలో దొరికినవన్నీ ఎంచుకోమంటారా అని పైన ఒక వరుస వస్తుంది. దాన్ని నొక్కితే వందల మెయిళ్లు ఒకేసారి వెళ్లిపోతాయి. మొత్తం ఇన్‌బాక్స్‌ని ఇలా ఊడ్చేయడం మాత్రం నాకు నచ్చని పద్ధతి. ఫీజు రసీదులు కూడా అందులోనే ఉంటాయి. పాత పన్ను విధానంలో ఉన్నవారికి ట్యూషన్ ఫీజు మినహాయింపు కోసం అవి కావాలి.

ఆర్కైవ్ నొక్కి చాలామంది చోటు ఖాళీ అయిందనుకుంటారు. ఆర్కైవ్ అంటే సామాను అటక మీదకి ఎక్కించడం. కంటికి కనపడదు గానీ ఇంట్లోనే ఉంటుంది. తొలగించినవి కూడా 30 రోజులు ట్రాష్‌లో ఉంటాయి. వెంటనే చోటు కావాలంటే ట్రాష్ కూడా ఖాళీ చేయాలి.

మిగిలినవాటికి లేబుళ్లు పెట్టుకోండి. పది, పదిహేను పెడితే మనమే మరిచిపోతాం. స్కూలు, పరీక్షలు, బ్యాంకు చాలు.

పదో తరగతి పిల్లలున్నవారు ఇదంతా వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. ఇంటర్‌లో హాస్టల్‌కి వెళితే చేతిలో ఫోన్ ఉండదు. ఈ మధ్య ఏళ్లలో జేఈఈ మెయిన్ మొదటి విడత జనవరిలో జరుగుతోంది కాబట్టి దరఖాస్తు సమయానికి పిల్లలు అక్కడే ఉంటారు. ఓటీపీ చూడాల్సింది మీరే. పిల్లల పేరుతో ఎప్పుడో తెరిచి వదిలేసిన అకౌంట్ ఉంటే ఒకసారి లాగిన్ అవ్వండి. రెండేళ్లు వాడకపోతే గూగుల్ దాన్ని తొలగించవచ్చు. అందులో రికవరీ నంబరుగా పాత సిమ్ నంబరు ఉందేమో కూడా చూడండి. రీచార్జ్ చేయక వదిలేసిన నంబరు ఈపాటికి వేరొకరి చేతికి వెళ్లి ఉండవచ్చు. ఇప్పుడు వాడుతున్న నంబరు పెట్టి, పాస్‌వర్డ్‌ని కాగితం మీద రాసి, సర్టిఫికెట్ల ఫైల్‌తో పాటు బీరువాలో ఉంచండి.