పాఠం 14: బరువు తగ్గించే శస్త్రచికిత్స – ముందు సన్నాహం, తరవాతి ఆరు వారాలు

14.1 పరిచయం

స్థూలకాయం వల్ల మధుమేహం, రక్తపోటు, మోకాళ్ళ నొప్పులు, నిద్రలో ఊపిరి ఆగడం వంటి బాధలు ఎలా వెంట వస్తాయో కిందటి పాఠంలో చదువుకున్నారు. ఆహార నియమాలు, నడక, మందులతో చాలామందికి మేలు జరుగుతుంది. కొంతమందికి అవి చాలవు. అలాంటివారికి వైద్యులు సూచించే శస్త్రచికిత్స గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఈ మాట వినగానే, ఆపరేషన్ చేయించుకుంటే చాలు సన్నబడిపోతామని కొందరు అనుకుంటారు. నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంటున్నారని మరికొందరు ఈసడిస్తారు. రెండు మాటలూ సరైనవి కావు. ఆపరేషన్ సాధారణంగా రెండు మూడు గంటల్లోపే ముగుస్తుంది. అది క్షేమంగా ఫలించడం మాత్రం ముందు కొన్ని వారాలూ, తరవాత కొన్ని వారాలూ ఇంట్లో ఏం జరిగిందన్నదానిపై చాలావరకు ఆధారపడుతుంది. కాబట్టి ఈ పాఠం రోగికి ఎంత అవసరమో, ఆ ఇంట్లో వంట చేసేవారికీ అంతే అవసరం.

ఈ పాఠం చదివిన తరవాత మీరు బి.ఎం.ఐ. లెక్కకట్టగలుగుతారు, ఆపరేషన్‌కు ముందు చేసే సన్నాహానికి కారణాలు చెప్పగలుగుతారు, తరవాతి వారాల్లో నీళ్ళు, మాంసకృత్తులు ఎలా అందించాలో వివరించగలుగుతారు, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసిన లక్షణాలను గుర్తించగలుగుతారు.

14.2 ఎవరికి? ఏ శస్త్రచికిత్స?

బరువును కిలోగ్రాముల్లో తీసుకుని, ఎత్తును మీటర్లలో రెండుసార్లు భాగించగా వచ్చే సంఖ్యే బి.ఎం.ఐ. ఒక గృహిణి ఎత్తు 150 సెం.మీ., బరువు 90 కిలోలు అనుకుందాం. 90ని 1.5తో భాగిస్తే 60. దాన్ని మళ్ళీ 1.5తో భాగిస్తే 40. అంటే ఆమె బి.ఎం.ఐ. 40.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ఆధ్వర్యంలో 1991లో జరిగిన నిపుణుల సమావేశం, బి.ఎం.ఐ. 40 దాటినవారికి, లేదా తీవ్రమైన జబ్బులతో పాటు 35 ఉన్నవారికి ఈ శస్త్రచికిత్స చేయవచ్చని చెప్పింది. ముప్పై ఏళ్ళపాటు అదే కొలబద్దగా నడిచింది. 2022లో ఈ రంగంలోని రెండు పెద్ద వైద్య సంఘాలు దాన్ని సవరించి, జబ్బులు ఉన్నా లేకపోయినా 35 దగ్గరే సిఫారసు చేశాయి. ఆసియావాసులకైతే 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. మనవారిలో పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువగా చేరుతుంది, తక్కువ బరువు దగ్గరే మధుమేహం వస్తుంది. ఈ తేడాకు కారణం అదే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన దేశంలో బీమా నియంత్రణ సంస్థ 2019లో నిర్ణయించిన షరతుల్లో మాత్రం 18 ఏళ్ళ వయసు, 40 బి.ఎం.ఐ., లేదా కొన్ని తీవ్రమైన జబ్బులతో 35 అనే పాత కొలతే ఉంది. వైద్యుడు సరేనన్నంత మాత్రాన బీమా సొమ్ము వస్తుందనుకోకూడదు. పాలసీ కాగితం ముందే చదివించుకోండి.

ఎక్కువగా చేసేవి రెండు పద్ధతులు. మొదటిది స్లీవ్. ఇందులో జీర్ణాశయంలో నాలుగింట మూడు వంతులకు పైగా కోసి తీసేస్తారు. మిగిలేది అరటికాయంత సన్నని గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది తీసివేసిన భాగంలోనే. అందువల్ల ఆకలి కూడా తగ్గుతుంది. రెండోది బైపాస్. జీర్ణాశయం పై భాగాన చిన్న సంచిని వేరుచేసి, దానికి చిన్నపేగును నేరుగా కలుపుతారు. ఆ సంచిలో 30 మిల్లీలీటర్లకు మించి పట్టదు. రెండింటినీ ఇప్పుడు చిన్న రంధ్రాల ద్వారానే చేస్తున్నారు. అనుభవమున్న చోట మరణాలు వేయికి ఒకటి ప్రాంతంలో ఉంటాయి. ఇది తక్కువే కాని, సున్నా కాదు.

పాఠగత ప్రశ్నలు 14.1
1. ఎత్తు 160 సెం.మీ., బరువు 96 కిలోలు ఉన్న వ్యక్తి బి.ఎం.ఐ. ఎంత?
2. స్లీవ్ తరవాత ఆకలి ఎందుకు తగ్గుతుంది?

14.3 ఆపరేషన్‌కు ముందు

మొదట పరీక్షలు జరుగుతాయి. రక్తంలో చక్కెర, థైరాయిడ్, రక్తహీనత, బి12, డి విటమిన్లు, గుండె, ఊపిరితిత్తులు చూస్తారు. నిద్రలో గట్టిగా గురకపెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటే ఆ సంగతి తప్పక చెప్పాలి. దాన్ని గమనించేది పక్కన పడుకునేవారే కనుక వైద్యుడి దగ్గరికి వారినీ వెంట తీసుకువెళ్ళడం మంచిది. మానసిక నిపుణుడితో మాట్లాడిస్తే పిచ్చి అనుకున్నారని నొచ్చుకోనక్కరలేదు. దిగులు కలిగినప్పుడల్లా తినే అలవాటు ఉంటే, ఆపరేషన్ దాన్ని మాన్పించదు.

పొగతాగేవారు కనీసం ఆరు వారాల ముందే మానాలి. పొగాకు వల్ల కుట్లు సరిగా మానవు, బైపాస్ చేసిన అతుకు దగ్గర పుండ్లు పడతాయి. చుట్ట, బీడీలకూ ఇదే వర్తిస్తుంది.

చివరి రెండు వారాల ఆహారం గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. కాలేయం ఎడమ భాగం జీర్ణాశయం మీద కప్పినట్టుగా ఉంటుంది. స్థూలకాయుల్లో చాలామందికి ఈ కాలేయం కొవ్వు చేరి ఉబ్బి ఉంటుంది. వైద్యుడు దాన్ని పైకెత్తి పట్టుకుని దాని కిందనే పని చేయాలి. అన్నం, రొట్టెలు, తీపి బాగా తగ్గించి, మాంసకృత్తులు ఎక్కువగా తీసుకుంటే రెండు వారాల్లోనే కాలేయం గమనించదగినంత చిన్నదవుతుంది. చాలా ఇళ్ళలో జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. "మళ్ళీ తింటావో తినవో" అంటూ అక్కాచెల్లెళ్ళు పిలిచి పూర్ణాలు, బిర్యానీలు వండిపెడతారు. ఆ విందులతో కాలేయం మళ్ళీ ఉబ్బితే ఆపరేషన్ కష్టమవుతుంది. ప్రేమ చూపించడానికి ఆ రెండు వారాలు తగిన సమయం కాదు. మధుమేహానికి మందులు, ఇన్సులిన్ వాడేవారు మాత్రం ఈ ఆహారం మొదలుపెట్టే ముందే మోతాదు మార్పించుకోవాలి. లేకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది.

వాడే మందులన్నీ ఒక కాగితం మీద రాసి తీసుకువెళ్ళండి. రక్తం పలచబరిచే మందులు, నాటు మందులు, బరువు తగ్గేందుకు వేసుకునే సెమాగ్లూటైడ్ వంటి ఇంజక్షన్లు ఏవీ దాచకూడదు. ఆ ఇంజక్షన్లు జీర్ణాశయం ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తాయి. మత్తు ఇచ్చేటప్పుడు కడుపులో ఆహారం మిగిలి ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

14.4 ఆసుపత్రిలో

ఆపరేషన్ జరిగిన రోజే లేపి నాలుగడుగులు నడిపిస్తారు. ఇది చూసి బంధువులు కంగారుపడతారు. కదలకుండా పడుకుంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. అందుకే నడక ఇక్కడ మందుతో సమానం. అంతా సవ్యంగా ఉంటే ఒకటి నుంచి మూడు రోజుల్లో ఇంటికి పంపుతారు.

14.5 ఇంట్లో: నీళ్ళు, మాంసకృత్తులు

మొదటి రెండు వారాలు ద్రవాహారమే. మూడు, నాలుగు వారాల్లో మిక్సీలో మెత్తగా చేసినవి, ఆ తరవాత రెండు వారాలు నమలడానికి సులువైన మెత్తటి పదార్థాలు ఇస్తారు. మామూలు తిండి ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొదలవుతుంది. ఆసుపత్రిని బట్టి ఈ లెక్క కొంచెం మారుతుంది, మీకు ఇచ్చిన కాగితాన్నే పాటించండి.

రోజుకు కనీసం ఒకటిన్నర లీటర్ల ద్రవం అందాలి. గ్లాసు ఎత్తి గటగటా తాగడం ఇక కుదరదు. 15 నిమిషాలకొకసారి 30 మి.లీ. చొప్పున చప్పరిస్తే గంటకు 120 మి.లీ. అవుతుంది. అలా ఒకటిన్నర లీటర్లు పూర్తికావడానికి పన్నెండున్నర గంటలు పడుతుంది. అంటే మెలకువగా ఉన్నంతసేపూ ఇదే పని. దాహం వేసినప్పుడు తాగుదాంలే అనుకునేవారే నీరసించి మళ్ళీ ఆసుపత్రిలో చేరుతుంటారు. గట్టి ఆహారం మొదలయ్యాక, తింటూ నీళ్ళు తాగకూడదు. తిన్నాక అరగంట ఆగాలి.

మాంసకృత్తులు రోజుకు 60 గ్రాములకు తగ్గకూడదు. మన పథ్యం అలవాటు అడ్డొచ్చేది ఇక్కడే. ఒంట్లో బాగాలేనివారికి గంజి, జావ, కొబ్బరినీళ్ళు ఇవ్వడం మనకు తరతరాల ఆచారం. జ్వరానికి అది మంచిదే. పలచని బియ్యం గంజి గ్లాసెడు తాగితే అందే మాంసకృత్తులు ఒక గ్రాము అటూ ఇటూ. రాగి జావలో రెండు గ్రాములు. మూడు గ్లాసుల గంజి, రెండు గ్లాసుల కొబ్బరినీళ్ళతో రోజు గడిస్తే పది గ్రాములు కూడా అందవు. శరీరం అప్పుడు తన కండరాన్నే కరిగించుకుంటుంది. తూకం యంత్రం మీద బరువు తగ్గినట్టే కనిపిస్తుంది కాని, తగ్గింది కొవ్వు ఒక్కటే కాదు.

మరి ఏమివ్వాలి? గ్లాసు పాలలో ఆరేడు గ్రాములు, గుడ్డులో ఆరు, కప్పు చిక్కటి పప్పులో ఆరేడు, 100 గ్రాముల పనీరులో దాదాపు 18 గ్రాములు ఉంటాయి. ద్రవాహార దశలో వీటితోనే 60 చేరడం కష్టం. అందుకే వెన్న తీసిన పాలలో మాంసకృత్తుల పొడి కలిపి ఇమ్మంటారు. పప్పుకట్టు, మజ్జిగ, మాంసం తినేవారికి వడకట్టిన కోడి సూపు దీనికి తోడవుతాయి. తరవాతి దశలో మెత్తని పప్పు, పెరుగు, గిలక్కొట్టి వండిన గుడ్డు, చేప ముందు తినాలి, అన్నం ఆఖరున. బైపాస్ అయినవారు పాయసం, బెల్లం పానకం వంటివి తాగితే కాసేపటికే గుండె దడ, చెమటలు, కళ్ళు తిరగడం, విరేచనాలు కలగవచ్చు. తీపి ఒక్కసారిగా పేగులోకి దిగడమే దీనికి కారణం.

"ఇంకొక్క ముద్ద" అని బతిమాలడం ఈ ఇంట్లో మానుకోవాలి. ఆ ఒక్క ముద్దే వాంతికి దారితీస్తుంది.

పాఠగత ప్రశ్నలు 14.2
1. గంజి పథ్యం ఈ రోగికి ఎందుకు చాలదు?
2. తిన్న తరవాత ఎంతసేపటికి నీళ్ళు తాగవచ్చు?

14.6 ప్రమాద సూచనలు

కోసి కుట్టిన చోట చీలి, లోపలి ద్రవం కడుపులోకి కారడాన్ని లీకు అంటారు. ఇది అరుదు. వస్తే ప్రాణాంతకం. స్లీవ్ అయినవారిలో ఇంటికి వచ్చిన కొన్ని వారాలకు కూడా బయటపడవచ్చు. మొదటి రెండు మూడు రోజులు భుజం నొప్పి మామూలే. ఆపరేషన్‌లో నింపిన గ్యాసు వల్ల వస్తుంది, క్రమంగా తగ్గుతుంది. తగ్గకుండా పెరిగే కడుపు నొప్పి, జ్వరం, ఆయాసం, వేగంగా కొట్టుకునే నాడి కలిసి వస్తే అది గ్యాసు కాదు. మణికట్టు దగ్గర నాడిని 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయడం ఇంట్లో ఒకరైనా నేర్చుకోవాలి. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా 100 దాటి తగ్గకపోతే వైద్యుడికి ఫోన్ చేయండి. 120 దాటితే, అర్ధరాత్రైనా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్ళండి. సోడా, వాము నీళ్ళతో తెల్లవారేదాకా చూద్దామనుకోకూడదు. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, మలం నల్లగా వచ్చినా ఇంతే తొందర అవసరం.

రెండోది వాంతులు. రెండు రోజులు ఏదీ నిలవకపోతే ఊరుకోకూడదు. శరీరంలో బి1 విటమిన్ నిల్వలు రెండు మూడు వారాలకు మించి సరిపోవు. అవి అడుగంటితే చూపు రెండుగా కనబడటం, నడక తూలడం, మతిమరుపు కలుగుతాయి. ఆలస్యమైతే మెదడుకు కలిగిన నష్టం అలాగే ఉండిపోవచ్చు. నీరసంగా ఉందని దగ్గరలోని వైద్యుడి చేత గ్లూకోజు ఎక్కించడం మన ఊళ్ళలో రివాజు. బి1 ఇవ్వకుండా గ్లూకోజు మాత్రమే ఎక్కిస్తే ఈ స్థితి ఇంకా విషమిస్తుంది. కనుక ఏ వైద్యుడి దగ్గరికి వెళ్ళినా, "ఫలానా తేదీన బరువు తగ్గే ఆపరేషన్ అయింది, బి1 ఇవ్వాలా చూడండి" అని ముందుగా చెప్పాలి. డిశ్చార్జి కాగితం నకలు ఒకటి చేతిసంచిలో ఉంచుకోవడం మంచిది.

మూడోది మందుల దుకాణం. తలనొప్పికీ, మోకాలి నొప్పికీ అడిగి కొనుక్కునే డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు బైపాస్ అతుకు దగ్గర పుండ్లు పుట్టిస్తాయి. అవి పగిలితే రక్తస్రావం. నొప్పికి ఏది వాడాలో వైద్యుడినే అడగాలి.

14.7 ఇంకొన్ని విషయాలు

మూడో నెల నుంచి జుట్టు రాలవచ్చు. సాధారణంగా మళ్ళీ వస్తుంది. బి12, ఇనుము, కాల్షియం, డి విటమిన్ మాత్రలు జీవితాంతం వాడాలి, ఏటా రక్తపరీక్ష చేయించుకోవాలి. బరువు తగ్గేకొద్దీ సంతాన సామర్థ్యం పెరుగుతుంది, అయినా కనీసం 12 నుంచి 18 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. మొదటి నెలల్లో ఏకాదశి అయినా, రంజాన్ అయినా ఉపవాసం తలపెట్టేముందు వైద్యుడిని సంప్రదించండి. నీళ్ళు మానడం అన్నిటికన్నా ప్రమాదం.

14.8 పాఠాంత ప్రశ్నలు
1. ఆపరేషన్‌కు ముందు రెండు వారాల ఆహార నియమానికీ కాలేయానికీ ఉన్న సంబంధాన్ని వివరించండి.
2. మీ ఇంట్లో దొరికే పదార్థాలతో, నాలుగో వారంలో ఉన్న శాకాహార రోగికి 60 గ్రాముల మాంసకృత్తులు అందేలా ఒక రోజు ఆహార పట్టిక తయారుచేయండి.
3. మీ నాడిని లెక్కపెట్టండి. ఇంట్లో మరొకరికి నేర్పండి.

14.9 పాఠగత ప్రశ్నలకు జవాబులు
14.1: 1. 37.5. 2. గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే భాగాన్ని తీసివేయడం వల్ల.
14.2: 1. అందులో మాంసకృత్తులు దాదాపు లేవు కనుక. 2. అరగంట తరవాత.