నీలి పీత: దాని ఆహారము, సంతానము

మన మంసాపురమునకు సముద్రము దూరమే. అయినను 1985లో విరుదునగరము జిల్లా యేర్పడువరకు మన రాజపాళయపు సీమయు, మండపము తీరమును ఒకే రామనాథపురము జిల్లాలో నుండెను. ఆ తీరమున పాక్ అఖాతమునందును, మన్నారు సింధుశాఖయందును మత్స్యకారుల వలలకు చిక్కు జీవులలో నీలి పీత యొకటి. శాస్త్రజ్ఞులు దీనిని పోర్టునస్ పెలాజికస్ అందురు. మన పిల్లలు వీథిలో నండనియు, ఇంట పీతయనియు పిలుచు ఈ జీవిని గూర్చి తల్లిదండ్రులకు కొంత విన్నవింపదలచితిమి.

పీతకు పది కాళ్లు. మొదటి జత డెక్కలు. కడపటి జత తెడ్లవలె చదునై యీతకు పనికివచ్చును. పగలు తరచుగా ఇసుకలో పూడుకొనియుండి, రాత్రి మేతకు బయలుదేరును. ఆల్చిప్పలు, నత్తలు, చిన్న రొయ్యలు, పురుగులు, చేపలు దాని ఆహారము; చచ్చిన ప్రాణులనుగూడ విడువదు. డెక్కలతో చిప్పను పగులగొట్టి తినును. మిగిలిన నమలుట కడుపులోని గట్టి పండ్లు నెరవేర్చును. పై పెంకు పెరుగదు గనుక, దేహము పెరుగుటకై పాత పెంకును విడిచి క్రొత్తది పొందవలెను. అది గట్టిపడువరకు పీత మేత మాని దాగియుండును.

పీతను వెల్లకిల త్రిప్పినచో కడుపుపై మడచిన రేకు కానవచ్చును. మగదానికది సన్నము, ఎదిగిన ఆడుదానికి వెడల్పు. ఆడుది పెంకు విడుచుటకు ముందే మగది దానిని తన క్రింద పట్టుకొని కాచును; దేహము మెత్తగా నున్నపుడే సంయోగము జరుగును. ఆ బీజమును దాచుకొని ఆడుది పలుమార్లు గ్రుడ్లు పెట్టగలదు. గ్రుడ్లు రేకు క్రింద గుత్తిగా అంటియుండును. మొదట పసుపు, పిదప గోధుమ, తుదకు నలుపు రంగు దాల్చును. ఒక్కమారు పెట్టునవి లక్షలు. సుమారు పది దినములలో వెలువడు పిల్లలు పీతరూపము లేక నీట తేలియాడుచు, పలుమార్లు పొర విడిచి పీతలగును. వానిలో బ్రతికి బట్టకట్టునవి బహు కొన్నియే.

కావున గుత్తితో నున్న ఆడుదానిని పట్టుట రాబోవు పంటను విత్తనమునందే తినుట వంటిది. పెంకులోపలి నారింజరంగు ముద్ద వేరు. అది ఇంకను వెలికి రాని గ్రుడ్లు. రేకు వెలుపల కానవచ్చు గుత్తియే ఎదుగుచున్న సంతానము.

అంగడికి పోవునపుడు పిల్లలను వెంటగొనిపోయి, రేకును చూపి, ఆడు మగ గుర్తింపజేయుడు. గుత్తి యున్నదానిని కొనకుడు. కొనువారు లేనిచో దానిని ప్రాణముతో మరల నీట విడుచుటకు వలవాడు సంకోచింపడు. ఇంటికి వచ్చినపిదప చూచినదానిని బిడ్డచేత తెలుగున చెప్పింపుడు. శాస్త్రము మన భాషలో చెప్ప వీలగునా యను శంకకు అదియే తగిన సమాధానమని మా విశ్వాసము.