సంశప్తకుల శపథము - యుద్ధవిముఖత్వ విచారము

అమరసింహుడు 'సంశప్తక' శబ్దమును క్షత్రియవర్గమున చేర్చి, కట్టుబాటుచేత యుద్ధమునుండి మరలనివారని అర్థము చెప్పినాడు. ఆ అర్థము సరియైనదే. కాని శబ్దమునందలి తీవ్రత అందు పూర్తిగా వెల్లడి కాలేదు. 'శప' ధాతువునకు ధాతుపాఠము చెప్పిన అర్థము ఆక్రోశము. అనగా నిందించుట, శపించుట. శపథము చేయువాడు ఇతరులను గాక తన్ను తానే శపించుకొనుచున్నాడు. మాట తప్పినచో ఇట్టి పాపము, ఇట్టి దుర్గతి తనకు కలుగుగాక అని పలుకుటయే శపథస్వరూపము. ఇక పాణిని 1-4-34 సూత్రమున మరియొక విశేషమును సూచించినాడు. శపథమును ఎవనికి తెలియజేయ నుద్దేశింతురో వానికి సంప్రదానసంజ్ఞ కలుగును. అందువలన ఆ పదము చతుర్థియందు నిలుచును. శపథమునకు వినువాడొకడుండునని వ్యాకరణమే గుర్తించినదన్నమాట. ఈ వినువాని ప్రసక్తి ద్రోణపర్వకథయందు మిక్కిలి ముఖ్యమైనది.

ద్రోణుడు సేనాపతియై, యుధిష్ఠిరుని సజీవముగా పట్టి యిత్తునని దుర్యోధనునకు మాట యిచ్చెను. అర్జునుడు చెంతనుండగా అది సాధ్యము కాదు. అతనిని వేరొక చోటికి కొనిపోవువాడు కావలెనన్న మాట వచ్చినంతనే త్రిగర్తరాజైన సుశర్మ సోదరసహితుడై ముందుకు వచ్చెను. వారిని నిర్బంధించినవాడు లేడు, పేరుపెట్టి పిలిచినవాడును లేడు. అర్జునుడు తమ్ము పలుమారు అవమానించెనన్న రోషమే వారిని కదిలించినది. విరాటుని గోవులను పట్టబోయి భీమునకు చిక్కి, ధర్మరాజు దయచేత బ్రతికి బయటపడినవాడు ఈ సుశర్మయే. ఆ ధర్మరాజునే పట్టించుటకు తన శపథము సాధనమగుచున్నదన్న సంగతి అతనికి స్ఫురించినట్లు ఎచటను కనబడదు. రోషము కృతజ్ఞతను మరపించుట లోకమున క్రొత్త కాదు.

పండ్రెండవనాటి ఉదయమున వారు చేసిన విధి గమనింపదగినది. వేర్వేరుగా అగ్నులను ప్రజ్వలింపజేసి, దర్భవస్త్రములు ధరించి, నేయి పూసికొని, కవచములు తొడిగి, విప్రులకు గోవులను సువర్ణమును వస్త్రములను దానమిచ్చిరి. పిమ్మట సర్వభూతములు వినునట్లు బిగ్గరగా ప్రతిజ్ఞ చేసిరి. అర్జునుని చంపక మరలినచో బ్రహ్మఘాతకులు, సురాపానము చేయువారు, గురుతల్పగులు, శరణాగతుని విడిచినవారు, ఇండ్లు తగులబెట్టినవారు పొందు లోకములు తమకు కలుగుగాక అనిరి. ఈ పట్టికయందు 'రాజపిండాపహారి' కూడ నున్నాడు. రాజు పెట్టిన అన్నము తిని దాని ఋణము తీర్పనివాడు అతడు. జీతము తిని పని ఎగవేయుటను వారు బ్రహ్మహత్యతో ఒక వరుసయందు నిలిపిరి. పట్టికలోని తక్కిన పాపములు ఎవరైనను చేయగలవి. ఇది మాత్రము విశేషించి సేవకునికి, భటునికి సంబంధించినది.

ఇంత శపథము చేసినవారు పారిపోయిరి. ఈ విషయమును కథ చెప్పువారు సాధారణముగా విడిచిపెట్టుదురు. మూలమున మాత్రము స్పష్టముగా నున్నది. అర్జునుని బాణవర్షమునకు తాళలేక త్రిగర్తసేన చెదరి దుర్యోధనుని సైన్యమువైపు పరుగిడెను. అప్పుడు సుశర్మ వారికి జీతము గుర్తుచేయలేదు, దండన పేరెత్తలేదు, నరకలోకములను గూడ మరల వర్ణింపలేదు. సైన్యమంతయు చూచుచుండగా ఘోరశపథములు చేసినవారు ఇప్పుడు దుర్యోధనుని సేనకు పోయి ఏమి చెప్పుదురని మాత్రము అడిగెను. లోకము నవ్వదా అనెను. ఆ మాటతో సంశప్తకులు, వారితోడి నారాయణగోపాలురు, మృత్యువునుండియే తప్ప యుద్ధమునుండి మరలుట లేదని నిశ్చయించుకొని వెనుకకు తిరిగిరి. పాణిని చెప్పిన వినువాడు ఇచట సేనారూపమున ఎదుట నిలిచియున్నాడు. శపథమును నిలిపినది దానిని విన్నవారి చూపు. భయము పుట్టుట దోషముగా సుశర్మ ఎంచలేదు. భయపడి పోయి ఎవరి ముఖము చూతురన్నదే అతని ప్రశ్న.

భటుని కట్టివేయు బంధములు పెక్కు విధములు. భీష్ముడు, ద్రోణుడు, కృపుడు యుద్ధారంభమున ధర్మరాజుతో, తాము కౌరవుల ధనమునకు కట్టుబడితిమని ఒప్పుకొనిరి. అది వేతనబంధము. శల్యుడు మార్గమధ్యమున దుర్యోధనుని ఆతిథ్యమునకు మోసపోయి మాట యిచ్చి చిక్కుకొనినవాడు. అటుపై కర్ణుని తేజోవధ చేయుదునని ధర్మరాజునకును మాట యిచ్చెను. రెండు మాటలును నిలుపుకొనినవాని మనసు ఎటువైపు ఉండెనో చెప్పుట కష్టము. యుయుత్సువు కథ వేరు. తమ పక్షమునకు రాదలచినవారిని రమ్మని యుధిష్ఠిరుడు ఉభయసేనల నడుమ ప్రకటించినప్పుడు, బాణము విడువకముందే, అందరును చూచుచుండగా అతడు కౌరవపక్షమును వీడి వచ్చెను. దీనిని సేనాత్యాగమనుట తగదు. శపథము లేదు, యుద్ధము మొదలు కాలేదు, చాటుతనము లేదు.

ధర్మశాస్త్రమున చూచినచో మనుస్మృతి సప్తమాధ్యాయమునందలి 93, 94 శ్లోకములు పరస్పరము పరిశీలింపదగినవి. 'భీత', 'పరావృత్త' అను రెండు పదములు రెండింటియందును వచ్చినవి. మొదటి శ్లోకమున అవి శత్రువును ఉద్దేశించినవి: భయపడినవానిని, వెన్ను చూపినవానిని చంపరాదని. రెండవదానియందు అవే పదములు స్వసేనలోని భటునికి తగిలినవి: భయపడి మరలి హతుడైనవాడు తన ప్రభువు పాపమునంతయు తానే మోయునని. తరువాతి శ్లోకమున వాని పుణ్యము ప్రభువునకు పోవునని కలదు. ఎదుటివాడు అతనిని కొట్టరాదు. కొట్టినను ఇతడు నిర్దోషి కాడు. ఒకే మనుష్యుడు శత్రువు ఎడల రక్షణార్హుడు, ప్రభువు ఎడల అపరాధి. యాజ్ఞవల్క్యుడు కూడ రాజధర్మములందు ఈ రెండు విషయములను ప్రక్క ప్రక్కనే చెప్పి, 'నీవాడను' అని పలికినవానిని చంపరాదని చేర్చినాడు.

ఒకని పాపము మరియొకనికి ఎట్లు పోవునన్న శంక సహజము. మీమాంసాదృష్టితో దీనిని నిందార్థవాదముగా గ్రహించుట యుక్తమని తోచును. పలాయనమును నిషేధించుటయే దాని తాత్పర్యము, పాపసంక్రమణమును స్థాపించుట కాదు. మరియొక సంగతి కలదు. ఆ శ్లోకములందు రాజదండన ఊసు లేదు. 1950 నాటి భారత సైన్యచట్టము 38వ విభాగము యుద్ధసమయమున సైన్యము వీడినవానికి మరణశిక్ష వరకు విధింపవచ్చునని చెప్పుచున్నది. మనువు ఇచట శిక్షను పరలోకమునకు విడిచిపెట్టినాడు.

శామశాస్త్రిగారు 1909లో ప్రకటించిన అర్థశాస్త్రమును విప్పినచో ప్రశ్న పూర్తిగా మారిపోవును. కౌటిల్యుడు భటుని అడుగుటకు ముందు ప్రభువును అడుగును. జీతము ముట్టెనా? అవమానము జరిగెనా? శిక్షణ గల పదాతికి 500 పణముల వేతనము, పనిలో మరణించినవాని భార్యాపుత్రులకు భక్తవేతనములు అతడు విధించినాడు. వేతనము లేని సేనను, అవమానింపబడిన సేనను బలవ్యసనములయందు లెక్కించినాడు. యుద్ధమునకు ముందు రాజు స్వయముగా నిలిచి, తానును వారివలె వేతనము తినువాడనే అని సేనతో పలుకవలెనట! సప్తమాధికరణమున, విడిచిపోయి తిరిగి వచ్చినవారిని అతడు నాలుగు తెగలుగా విభజించినాడు. స్వామి దోషముచేత పోయి, స్వామి గుణముచేతనే వచ్చినవాడు చేర్చుకొనదగినవాడు. తన దోషముచేతనే పోయి తన దోషముచేతనే వచ్చినవాడు చపలబుద్ధి, చేర్చుకొనరానివాడు. రాకపోకలలో ఒకటి మాత్రమే సకారణమైనవారిని పరీక్షింపవలెను. పోయినవాడు ఎందుకు పోయెనన్న ప్రశ్నకు శాస్త్రమున ఇంత చోటు దొరకుట విశేషము.

ఐనను ఈ కొలత సంశప్తకులకు పనిచేయదు. వేతనబంధమునకు రెండు కొనలు కలవు. ప్రభువు తన కొన విడిచినచో భటుడును విడువవచ్చును. స్వయముగా చేసిన శపథమునకు రెండవ కొన లేదు. దుర్యోధనుడు ఎట్టివాడైనను, అతని పక్షము న్యాయమైనను కాకున్నను, వారు తమ్ము తాము శపించుకొనిన మాట అట్లే యుండును. దానినుండి విడుదల చేయగలవాడు ఎవడును లేడు. పదునెనిమిదవనాటి వరకు మిగిలియుండిన సుశర్మ అర్జునుని చేతనే కూలెను. శపథము నెరవేరలేదు, కాని మరలుట మాత్రము జరుగలేదు.

త్రిగర్తుల కథకు అశ్వమేధపర్వమున ఒక శేషము కలదు. యాగాశ్వము వెంట అర్జునుడు వారి దేశమునకు పోగా, హతుల పుత్రపౌత్రులు ఎదిరించిరి. రాజు సూర్యవర్మ తమ్ముడు కేతువర్మ పడిపోయెను. బాలుడైన ధృతవర్మ బాణలాఘవమునకు అర్జునుడే మనసున మెచ్చుకొనెను. తుదకు సేన విరిగినప్పుడు ఆ సంశప్తకసంహారి యెదుట వారు తాము అతని కింకరులమని పలికిరి. తండ్రుల శపథమును ఎవరును వారికి గుర్తుచేయలేదు. ప్రాణములు కాపాడుకొనుడు, శాసనమును అంగీకరింపుడు అని మాత్రము అర్జునుడు చెప్పి, గుఱ్ఱము వెంట సాగిపోయెను.