ఎనిమిది మందిని పిలిచారు, ఎనిమిది మంది గెలిచి వచ్చారు

మా జహీరాబాద్ వైపు డార్ట్స్ అంటే జాతరలో బెలూన్లు పగలగొట్టే ఆటే. దీన్ని ప్రొఫెషనల్‌గా ఆడతారని, దానికి వరల్డ్ సిరీస్ ఉందని చెబితే మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. నాకు మాత్రం ఆట కన్నా అందులోకి ఎవరిని రానిస్తారన్నదే ఆసక్తి.

ముందు ఆట సంగతి. బోర్డుకి 2.37 మీటర్ల దూరంలో నిలబడాలి. ఒక్కో టర్న్‌లో మూడు డార్ట్‌లు. 501 నుంచి స్కోరు తగ్గించుకుంటూ సరిగ్గా సున్నాకి రావాలి, చివరి డార్ట్ డబుల్‌లోనే పడాలి. (బోర్డు మధ్యలోని బుల్ కూడా డబుల్ కిందే లెక్క.) అందుకే చాలామంది చివరికి 32 మిగిల్చుకుంటారు. డబుల్ 16 కొట్టబోయి సింగిల్ పడిందా, 16 మిగులుతుంది, అంటే డబుల్ 8. అదీ సింగిల్ అయితే డబుల్ 4, ఆ తర్వాత 2, 1. మన సీఎస్ వాళ్లకి నోరూరించే లెక్క కదా! అదే 40 మిగిల్చుకుంటే 20, 10, 5 దగ్గరకొచ్చి ఆగిపోతాం. 5 బేసి సంఖ్య, డబుల్‌తో ముగియదు.

ఇప్పుడు అసలు విషయం. 2013లో పీడీసీ సంస్థ మొదలుపెట్టిన వరల్డ్ సిరీస్‌లో మామూలుగా ఒక్కో టోర్నీకి పదహారు మంది. ఎనిమిది మంది పెద్ద ఆటగాళ్లు, వాళ్లకి ఆహ్వానం వస్తుంది. మిగతా ఎనిమిది సీట్లు టోర్నీ జరిగే ప్రాంతం వాళ్లవి. క్వాలిఫయర్ గెలిచో, స్థానిక టూర్‌లో ర్యాంకు తెచ్చుకునో రావాలి. మన తెలంగాణ వాళ్లు పనికి వెళ్లే బహ్రెయిన్‌లో కూడా 2023లో ఒకటి పెట్టారు, అక్కడ ఆ సీట్లు ఆసియా వాళ్లకి ఇచ్చారు.

తొలి రౌండ్‌లోనే పెద్దవాళ్లతో మ్యాచ్. ఆరు లెగ్‌లు ముందు గెలిచినవాళ్లు పైకి వెళ్తారు. అంటే ఆ ఎనిమిది మందీ షోకి నిండుదనం కోసమే అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. లెక్క చూడండి. ఒక్కో లెగ్ గెలిచే అవకాశం మనకి 40 శాతమే అనుకుందాం. పదకొండు లెగ్‌ల మ్యాచ్ గెలిచే అవకాశం దాదాపు 25 శాతం వస్తుంది. నలుగురిలో ఒకరు. ఇది దయతో ఇచ్చిన సీటు ఎలా అవుతుంది? కాకపోతే కప్పు కావాలంటే అలాంటివి వరసగా నాలుగు గెలవాలి, అప్పుడది సుమారు 270లో ఒకటి. తర్వాతి మ్యాచ్‌లు పొడుగు కాబట్టి నిజంలో ఇంకా తక్కువే.

2019లో బ్రిస్బేన్‌లో ఆ ఒకటీ జరిగింది. ఇళ్ల కప్పులు వేసే పని చేసుకునే డేమన్ హెటా, స్థానిక ప్రతినిధిగా వచ్చి, ఫైనల్లో రాబ్ క్రాస్‌ని 8-7తో ఓడించాడు. క్రాస్ అంతకుముందే ప్రపంచ ఛాంపియన్ అయినవాడు.

మనకి వరల్డ్ సిరీస్ టోర్నీ లేదు గానీ, లండన్‌లో అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో జరిగే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి ఇండియా క్వాలిఫయర్ ఉంది. నూటపాతిక కోట్లు దాటిన దేశానికి ఆ దారిలో ఒక్క సీటు! దాన్ని గెలిచి నితిన్ కుమార్ 2019 ఎడిషన్‌కి వెళ్లి, మొదటి మ్యాచ్‌లోనే జెఫ్రీ డి జ్వాన్ చేతిలో 0-3తో ఓడిపోయాడు. మళ్లీ మళ్లీ క్వాలిఫై అయ్యాడు, మళ్లీ మళ్లీ తొలి రౌండ్‌లోనే తిరిగొచ్చాడు. 2025 డిసెంబర్‌లో రిచర్డ్ వీన్‌స్ట్రా మీద 3-2తో గెలిచాడు. ఆ వేదిక మీద ఒక ఇండియన్ మ్యాచ్ గెలవడం అదే మొదటిసారి.