లాన్ ఎండుతోందా? యూరియా బస్తా తర్వాత విప్పండి

దుమ్ముగూడెం, పర్ణశాల వైపు ఆఫీసుల్లో, హాస్టళ్లలో, లాడ్జిల్లో తోట పని చేసే మనందరి మీదా ఉండే ఒత్తిడి ఒకటే. ఫలానా తారీఖుకి పెద్దసార్ వస్తున్నారు, అప్పటికి లాన్ పచ్చగా కనబడాలి. వెంటనే యూరియా చల్లేస్తాం. వారంలో పచ్చబడుతుంది, మే ఎండకి మాడిపోతుంది. మాట పడేది మనమే.

ముందు గడ్డపారతో అడుగు లోతు తవ్వి చూడండి. కొత్త బిల్డింగు ముందైతే చాలాచోట్ల పైన రెండంగుళాల ఎర్రమట్టి, కింద కంకర, సిమెంటు పెళ్లలు బయటపడతాయి. వాటి మీదే టర్ఫ్ పరిచేసి, బిల్లు చేయించుకుని కాంట్రాక్టరు వెళ్లిపోయి ఉంటాడు. సిమెంటులోని సున్నం వల్ల మట్టిలో క్షారం పెరుగుతుంది, ఇనుము ఉన్నా వేరుకి అందదు. లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అనుమానించాల్సింది దీన్నే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి సాయంత్రం పిచికారీ చేస్తే కొంత తేరుకుంటుంది. టైల్స్ మీద పడనివ్వకండి, తుప్పు మరకలు పోవు. అయితే ఇది పైపై వైద్యం. పెళ్లలు ఏరి, కనీసం ఆరంగుళాల మంచి మట్టి, మాగిన పశువుల ఎరువు వేస్తేనే పని అయినట్టు.

గోదావరి ఒడ్డున సంగతి వేరు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. అలాంటి వరద తీశాక మిగిలే ఒండ్రు పొలానికి మేలేమో గానీ, లాన్ మీద గట్టి పొరకట్టి గడ్డికి గాలాడనివ్వదు. ఆరీ ఆరకముందే పారతో గీకేయాలి. పూర్తిగా ఎండితే గడ్డి కూడా వేళ్లతో లేచొస్తుంది.

చెట్టు నీడలో గరిక రాదు, ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. దానికి రోజూ ఆరు గంటల ఎండ కావాలి. వేసవిలో మిషను బ్లేడు పైకెత్తి కోయండి. ఒక కోతలో మూడో వంతుకి మించి తీయొద్దు. రోజూ పైపైన చిలకరించడం కన్నా రెండు మూడు రోజులకోసారి లోపలిదాకా తడపడం మేలు.

తవ్విన గుంతకి తారీఖు పడేలా ఫోటో తీసి సూపర్‌వైజరుకి పంపండి. మట్టి పరీక్షకి వ్యవసాయ విస్తరణ అధికారిని (ఏఈవో) అడగండి. కొత్త గడ్డి జూన్‌లో తొలి వానలు పడ్డాక వేయడమే క్షేమం. ఏప్రిల్‌లోనే కావాలంటే, ట్యాంకరు ఖర్చు ఎవరిదో ముందే రాయించుకోండి.