తేలిక లోహము మెగ్నీషియము: వాడుకయు, జాగ్రత్తయు

ఇనుమును మన గ్రామములకు ఎవరును పరిచయము చేయనక్కరలేదు. నాగటి కర్రు మొదలు బావి గిలక వరకు దాని మంచిచెడ్డలు రైతుకును కమ్మరికిని తరతరములుగా తెలిసినవే. రాగి, ఇత్తడి, కంచు మన వంటిండ్లలో పెరిగినవి. వాటి తరువాత అల్యూమినియము వచ్చినది. ఇటీవలి కాలమున వేరొక లోహము, తన పేరు ఎవరికిని చెప్పకుండగనే, గ్రామములలో ప్రవేశించినది. అది మెగ్నీషియము. పంచాయతీ కొనిన రంపపు యంత్రములోను, గడ్డికోత యంత్రములోను, రైతు వీపున మోయు మందు చల్లు యంత్రములోను ఇది ఉండవచ్చును. ఉన్నదో లేదో వాడువారిలో పెక్కుమంది ఎరుగరు. ఎరుగకుండుట వలన రెండు నష్టములు కలవు. యంత్రము త్వరగా చెడును. నిప్పంటుకొన్నచో మనుష్యులకే ముప్పు వాటిల్లును. కావున పంచాయతీ సభ్యులు ఈ లోహమును గూర్చి తెలిసికొనదగిన విషయములను ఇచట వివరించుచున్నాము.

ఎచట లభించును?

గ్రీసు దేశమునందలి మెగ్నీషియా అను ప్రాంతమును బట్టి దీనికి ఈ పేరు వచ్చినది. 1808లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు హంఫ్రీ డేవీ విద్యుత్తు సహాయముతో దీనిని వేరుచేసెను. ప్రకృతిలో ఇది విడి లోహముగా దొరకదు. డోలమైటు, మాగ్నసైటు అను రాళ్లలోను, సముద్రపు నీటిలోను ఇతర పదార్థములతో కలిసి యుండును. ఒక టన్ను సముద్రపు నీటిలో సుమారు 1.3 కిలోల మెగ్నీషియము కలదు. 1941లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున, ఫ్రీపోర్టు వద్ద, సముద్రపు నీటినుండి ఈ లోహమును తీయుట ప్రారంభించిరి. నేడు ప్రపంచమున తయారగు మెగ్నీషియములో అధిక భాగము చైనాలో డోలమైటు రాతినుండి వచ్చుచున్నది. ఆ రాయి మనకును కొత్త కాదు. తెలంగాణలోని ఖమ్మం జిల్లా మాధారము గనుల డోలమైటు విశాఖ ఉక్కు కర్మాగారపు కొలుములకు ఉద్దేశింపబడినది.

తేలికదనమే దీని గొప్ప

ఒక ఘన సెంటీమీటరు ఇనుము 7.9 గ్రాములు తూగును. అంతే పరిమాణముగల అల్యూమినియము 2.7 గ్రాములు, మెగ్నీషియము 1.7 గ్రాములు మాత్రమే తూగును. అనగా ఇది ఇనుము బరువులో నాలుగవ వంతుకంటె తక్కువ. అయితే శుద్ధ మెగ్నీషియము మెత్తనిది. అందుచేత నూటికి సుమారు 9 పాళ్లు అల్యూమినియము, 1 పాలు జింకు కలిపి మిశ్రలోహముగా వాడుట పరిపాటి. ఇట్టి మిశ్రలోహమును పలుచని పెట్టెలుగను, తొడుగులుగను పోతపోయవచ్చును. జర్మనీలో పుట్టిన వోక్స్‌వాగన్ బీటిల్ కారు ఇంజను పెట్టె దీనితో చేసినదే. కెమెరాలకు, చేతి కంప్యూటర్లకు, రంపపు యంత్రములకు నేడు దీని తొడుగులు వచ్చుచున్నవి.

ఈ తేలికదనము విలువ కష్టకాలమున తెలియును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్ద తీరము దాటినపుడు లెక్కలేనన్ని చెట్లు రహదారులపై కూలినవి. అట్టి వేళల రంపపు యంత్రమును గంటల తరబడి చేతపట్టి పనిచేయు మనిషికి ప్రతి కిలో తగ్గుదలయు మేలే.

అయితే ఈ లోహము అన్ని పనులకు తగినది కాదు. గొడ్డలికి, పారకు, కర్రుకు ఉక్కే కావలెను. మెగ్నీషియమునకు పదును నిలువదు. వంటపాత్రలకు అసలే పనికిరాదు. చింతపండు పులుసు తగిలిన వెంటనే అది బుసబుస పొంగి కరగుట మొదలిడును.

దీని బలహీనత

మెగ్నీషియము ఆమ్లజనితో కలియుటకు మిక్కిలి ఆత్రపడు లోహము. తడిలో ఇనుమును తాకి యున్నప్పుడు ఇనుమునకు ముందుగా తానే తినివేయబడును. ఉప్పుగాలి వీచు కోస్తా గ్రామములలో ఇది మరింత త్వరగా జరుగును. కావున ఇట్టి తొడుగుగల యంత్రమును పని ముగిసిన పిమ్మట ఎరువు, మందు, ఉప్పు అంటి యుండకుండ తుడిచి, పొడి చోట నుంచవలెను. రంగు లేచిన చోట మరల రంగు వేయింపవలెను. ఊడిన బోల్టు బదులు దొరికిన ఇనుప బోల్టును బిగింపక, తయారీదారు చెప్పిన బోల్టును, వాషరును వాడవలెను. మెరుపు కొరకు చింతపండుతో గాని నిమ్మచెక్కతో గాని తోమరాదు.

బలహీనతయే ఉపకారము

తాను ముందుగా తినివేయబడి ఇనుమును కాపాడు గుణమును మనుష్యుడు ఉపయోగమునకు తెచ్చుకొనినాడు. ఈ ఉపాయమునకు మూలము కూడ డేవీయే. ఓడల అడుగున కొట్టిన రాగి రేకులకు ఇనుము లేక జింకు ముక్కలను తగిలించినచో రాగి చెడదని 1824లో ఆయన తెలిపెను. నేడు భూమిలో పాతిన ఉక్కు గొట్టములకు అక్కడక్కడ మెగ్నీషియము దిమ్మలను తీగతో కలిపి పాతుదురు. దిమ్మ కరగిపోవుచుండును, గొట్టము నిలిచియుండును. నీళ్లు కాచు గీజరులలో పెక్కింటి లోపల నుండు కడ్డీ కూడ ఇట్టిదే. ఆ కడ్డీ అరుగుట దోషము కాదు, అరుగుటయే దాని పని. అది పూర్తిగా అరిగిన పిదప మార్చకున్నచో తొట్టికే తుప్పు పట్టును. వసతి గృహములలోను, ఆరోగ్య కేంద్రములలోను గీజరులు త్వరగా కారిపోవుటకు ఇది ఒక కారణము. ప్లాస్టిక్ గొట్టములకు ఈ రక్షణతో పనిలేదు.

నిప్పంటుకొన్న వేళ

మెగ్నీషియపు దిమ్మ లేక మందపు తొడుగు తేలికగా అంటుకొనదు. కాని దాని రజను, తురుము, పలుచని పట్టీ చిన్న నిప్పురవ్వకే మండును. ఇతర దేశములలో అడవులకు పోవువారు చిన్న మెగ్నీషియపు బిళ్లను వెంట నుంచుకొని, దానిని గీకి ఆ తురుముతో వానలో సైతము నిప్పు రాజేయుదురు. వారికి మేలుచేయు ఆ గుణమే మరమ్మతు కొట్టులో ముప్పు తెచ్చును.

ఒక సంగతిని ఊహింతము. విరిగిన యంత్రపు తొడుగును అల్యూమినియమని తలచి మెకానిక్కు సానరాతిపై అరగదీయుచున్నాడు. క్రింద రజను కుప్పగా చేరినది. ఉక్కు బోల్టునుండి రవ్వ లేచి దానిపై పడినది. కన్నులు మిరుమిట్లు గొలుపు తెల్లని మంట లేచినది. ప్రక్కనున్నవాడు అలవాటు చొప్పున బిందెడు నీళ్లు కుమ్మరించినాడు. మండు మెగ్నీషియము నీటిలోని ఆమ్లజనిని లాగికొని ఉదజనిని విడుదల చేయును. ఉదజని ప్రేలును, కరగిన లోహము నలుదిక్కుల చిమ్మును. నీరే శత్రువగు అగ్ని ఇది. బొగ్గుపులుసు వాయువుతో పనిచేయు సాధనమును ప్రయోగించినను ఫలితము లేదు. ఆ వాయువులో కూడ మెగ్నీషియము మండును.

అట్టి వేళ మంటవంక తేరిపార చూడరాదు. జనమును దూరముగా పంపి, చుట్టునున్న వస్తువులను తొలగింపవలెను. మంట చిన్నదైనచో పూర్తిగా ఎండిన ఇసుకను పారతో మెల్లగా కప్పవలెను. తడి ఇసుక నీటితో సమానము. లోహముల మంటలకై ప్రత్యేకించిన డి తరగతి పొడి ఉన్నచో అది అన్నిటికంటె మేలు. మంట పెద్దదైనచో దూరముగా తొలగి 101కు ఫోను చేసి, మండుచున్నది మెగ్నీషియమని అగ్నిమాపక దళమునకు ముందుగానే చెప్పవలెను.

గుర్తించుట ఎట్లు?

చూచుటకు అల్యూమినియము వలెనే యుండును. మరుగు చోట రంగును కొద్దిగా గీకి, ఒక చుక్క నిమ్మరసము వేయవలెను. వెంటనే బుడగలు వచ్చినచో మెగ్నీషియమని అనుమానింపవలెను. అల్యూమినియముపై అట్లు రావు. పిమ్మట ఆ చోటును తుడిచి ఆరబెట్టవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

1. పంచాయతీ యంత్రములలో వేటికి మెగ్నీషియము తొడుగు కలదో కొనునపుడే అడిగి, వస్తువుల పట్టికలో వ్రాయింపవలెను.

2. మెకానిక్కులను, పాత ఇనుప సామాను వ్యాపారులను పిలిచి ఈ విషయములను తెలుపవలెను. ఈ లోహపు రజనును కుప్పగా చేరనీయక, మూతగల పొడి ఇనుప డబ్బాలో వేరుగా ఉంచుమని చెప్పవలెను.

3. మరమ్మతు కొట్టులలోను, యంత్రములుంచు గదిలోను మూతగల తొట్టితో ఎండిన ఇసుక నుంచునట్లు చూడవలెను.

4. ప్రభుత్వ వసతి గృహములందలి గీజరు కడ్డీలను ఏటికొకసారి విప్పి చూపింపవలెను.

ఇందులో పెద్ద వ్యయము కోరు పని ఏదియు లేదు. తదుపరి గ్రామసభలో ఈ నాలుగు విషయములను చదివి వినిపించి, ఊరిలోని మెకానిక్కును అచటికి రప్పించి, నిమ్మరసపు పరీక్షను అందరి యెదుట చేయించవలెనని సభ్యులను కోరుచున్నాము.